పద్నాలుగో ప్రశ్న

అక్టోబర్ 17, గురువారం

ఫోన్ ఆపరేటర్ల ఆన్‌లైన్ కోర్సు తయారుచేసి ఇచ్చేశాం. నాలుగూ ఇరవైకి అప్‌లోడ్ అయింది. ఐదింటికి మా బాస్ బిసెరా కేకు కోసింది. మా కంపెనీలో ఉన్నది ఆరుగురం, కేకు మాత్రం పదిమందికి సరిపడా తెస్తుంది ఎప్పుడూ.

ఆరు పాఠాలు, చివర ఇరవై ఎనిమిది ప్రశ్నల పరీక్ష. నీళ్ళ ఫిర్యాదుల ఫోన్లు తీసుకునే "స్వెత్లా లీనియా" వాళ్ళ కోసం. పాసైనవాళ్ళకి ఉద్యోగం. చూపు లేనివాళ్ళు కూడా రాయొచ్చని ప్రకటించారట, అందుకని కోర్సు ప్రమాణాల ప్రకారమే ఉందని మేం సంతకం పెట్టి ఇవ్వాలి.

పద్నాలుగో ప్రశ్న దగ్గర మాత్రం మనసు ఒప్పలేదు. ఎనిమిది ఫిర్యాదుల్ని మౌస్‌తో లాగి నాలుగు పెట్టెల్లో వెయ్యాలి. పైపు పగిలిందంటే ఒక విభాగం, మీటరు తప్పంటే ఇంకోటి. మౌస్ లేకుండా కీబోర్డుతో కూడా చెయ్యగలగాలన్నది నియమం. మధ్యాహ్నం మౌస్ పక్కన పెట్టి చేసి చూశాను. ట్యాబ్ నొక్కితే ఒక్కో ముక్క మీదికీ వెళ్తోంది కానీ, పట్టుకుందో లేదో, ఎక్కడ పడిందో తెలియడం లేదు. తనిఖీ ప్రోగ్రామ్ పెడితే ఎనిమిది ఎర్ర గుర్తులు. చూపు లేనివాళ్ళకి వినిపించడానికి ముక్కలకి పేర్లు లేవట. ఎనిమిదింటికీ "అంశం" అని ఒకే పేరు టైపు చేశాను. ఎర్రవన్నీ పచ్చబడ్డాయి.

బిసెరాకి చెప్పాను.

"ఆ ముక్క మన టూల్‌లో అంతే రలీ. విప్పి మళ్ళీ రాయాలంటే రెండు రోజులు. మన దగ్గర ఉన్నవి రెండు గంటలు. తర్వాతి వెర్షన్‌లో చూద్దాంలే," అంది.

పత్రంలో మూడు గడులు. అనుగుణంగా ఉంది, పాక్షికంగా ఉంది, లేదు. పాక్షికంగా అంటే వెనక్కి పంపిస్తారు. మొదటి గడిలో టిక్కు పెట్టి సంతకం చేశాను. ఇరవై ఎనిమిదిలో ఒక్కటి. చూపు లేనివాళ్ళు ఎంతమంది రాస్తారని?

అక్టోబర్ 20

మా ఆయన కమెన్ ఒక్కడే మార్కెట్‌కి వెళ్ళొచ్చాడు! తెల్లకర్ర పట్టుకునే వెళ్ళాడు. మిరపకాయలు మూడు కిలోలు తెచ్చాడు, కాల్చి లూతెనిత్సా పచ్చడి చేద్దామని. సంచీ బల్ల మీద పెట్టి, "నాకు చూపు లేదని అమ్మేవాడు కనిపెట్టేశాడు రలీ," అన్నాడు.

"ఏమన్నా అన్నాడా?"

"అనలేదు. పచ్చివి వేశాడు."

చూస్తే సగం పచ్చివే. ఇద్దరం నవ్వుకున్నాం. బాల్కనీలో కాల్చాం. తొక్కలు తనే తీశాడు, వేళ్ళు కాల్చుకుంటూ. ఎన్ని నెలలైందో ఇలా నవ్వి. ఇరవై రెండేళ్ళు రేవులో క్రేన్ ఎక్కిన మనిషి. ఫిబ్రవరిలో డాక్టరు వద్దన్న రోజు నుంచీ సోఫాలోంచి లేవడానికే రెండు నెలలు పట్టింది. చూపు గొట్టంలోంచి చూసినట్టు అయిపోయింది, ఆ గొట్టం కూడా సన్నబడుతోంది. ఇప్పుడు మంగళ, గురువారాలు అంధుల సంఘానికి వెళ్ళి కంప్యూటర్ నేర్చుకుంటున్నాడు. తెర మీదున్నది చదివి వినిపించే ప్రోగ్రామ్ పెట్టుకుని ట్యాబ్, ఎంటర్ నొక్కుకుంటూ. నేర్పేది తోషో బాబాయి, అరవై ఏడేళ్ళు, పుట్టుకతోనే చూపు లేదు, నోరు మాత్రం ఇద్దరికి సరిపడా.

స్వెత్లా లీనియా ఉద్యోగం సంగతి చెబుదామా అనుకున్నాను. క్లయింట్ల పేర్లు ఇంట్లో చెప్పకూడదని ఒప్పందం ఉంది. అయినా కమెన్ ఇంకా అంతదాకా రాలేదు. వసంతం వచ్చాక చూద్దాం.

నవంబర్ 7

హుషారుగా ఉన్నాడు. ఏదో దాస్తున్నాడు నా దగ్గర. నేను గదిలోకి వస్తే హెడ్‌ఫోన్లు తీసేస్తాడు. పుట్టినరోజు కానుకేదో వెతుకుతున్నాడేమో.

భోజనం దగ్గర అడిగాడు. "మీ కోర్సులు పంపేముందు ఎలా పరీక్షిస్తారు?"

"అన్ని రకాలుగా. మౌస్‌తో, కీబోర్డుతో, కళ్ళు మూసుకుని కూడా," అన్నాను.

"కళ్ళు మూసుకుని?"

"మరి! నీలాంటివాళ్ళు ఇరుక్కోకూడదు కదా."

నా చెయ్యి పట్టుకుని, వేళ్ళ కణుపుల మీద ముద్దు పెట్టాడు. పెళ్ళైన కొత్తలో చేసేవాడు అలా.

నవంబర్ 14

ఆఫీసు నుంచి వచ్చేసరికి పొద్దున నేను పెట్టిన చీజు బానిత్స పళ్ళెంలో అలాగే ఉంది. ఏమైందన్నాను. బాబాయి హోంవర్క్ ఇచ్చాడు, అర్థం కాలేదన్నాడు. నేను చూడనా అంటే లాప్‌టాప్ మూసేశాడు. "వద్దు. ఇది నేనే చెయ్యాలి."

నవంబర్ 21

ఇవాళ కూడా.

నవంబర్ 28

లాప్‌టాప్ బీరువాలో పెట్టేశాడు, దుప్పట్ల కింద. శీతాకాలం వస్తే అతనికి ఎప్పుడూ ఇంతే, రేవులో పనున్న రోజుల్లో కూడా. పట్టించుకోకపోవడమే మంచిది.

డిసెంబర్ 3

తోషో బాబాయి ఫోన్ చేశాడు. వారం నుంచీ క్లాసుకి రావడం లేదట.

"జ్వరమా అమ్మాయ్?"

"జ్వరం కాదు బాబాయ్, బద్ధకం."

"బద్ధకమా? వాడికా?" అన్నాడాయన.

డిసెంబర్ 6, నికుల్దెన్

ఇవాళ నేను అన్న మాట రాయాలి. రాయకపోతే అనలేదని అనుకుంటానేమో.

సిలిస్త్రా నుంచి స్తోయాంకా వదిన వచ్చింది, బస్సులో, పెద్ద కార్ప్ చేపని తడిగుడ్డలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని. కమెన్ కంటే తొమ్మిదేళ్ళు పెద్దది, అమ్మలా పెంచింది. చేపలోకి వాల్‌నట్లు, బియ్యం, ఉల్లిపాయలు కూరి కాల్చాం. రేవువాళ్ళకి ఏడాదిలో పెద్ద పండగ ఇదే. కిందటేడు ఇదే బల్ల చుట్టూ ఎనిమిదిమంది క్రేన్‌వాళ్ళు. ఈసారి ఎవరినీ పిలవద్దన్నాడు.

ముళ్ళు ఏరడం అతనికి చేతకావడం లేదు. నేను ఏరి పెడుతుంటే పళ్ళెం పక్కకి జరిపాడు. వదిన మాట మార్చాలని, "క్లాసులు ఎలా ఉన్నాయి తమ్ముడూ?" అంది.

"మానేశాను."

"అయ్యో, ఎందుకురా?"

"నా తలకెక్కవు అక్కా."

నేను ఊరుకోవాల్సింది. రోజంతా ఆఫీసులో తిట్లు తిని వచ్చి, చేప కాల్చి, నిలబడి నిలబడి ఉన్నాను. అవన్నీ నిజమే కానీ అవి కారణం కాదు.

"తలకెక్కకపోవడం కాదు. ప్రయత్నమైనా చెయ్యవు నువ్వు! రోజంతా చెవులకి అవి తగిలించుకుని గోడకేసి కూర్చుంటావు. నేను వచ్చేసరికి మొహం ముడుచుకుంటావు. తోషో బాబాయి పుట్టుగుడ్డివాడు, ఆయన నేర్చుకోలేదా? నీకంటే తెలివైనవాడా? కాదు. ఆయన ప్రయత్నించాడు."

కమెన్ ఫోర్కు కింద పెట్టాడు. పళ్ళెం అంచు ఎక్కడుందో ముందు వేలితో చూసుకుని, మెల్లగా, చప్పుడు కాకుండా పెట్టాడు.

"నిజమే," అన్నాడు. "నువ్వు చెప్పింది నిజమే రలీ."

అరిచి ఉంటే బాగుండేది. వదిన నా వైపు ఒకసారి చూసి, లేచి పళ్ళేలు తీసింది.

డిసెంబర్ 8

వదినతో వెళ్ళాడు. కొన్నాళ్ళు ఉండొస్తాడట. మంచిదే. గాలి మార్పు. నాకూ కాస్త ఊపిరి.

డిసెంబర్ 15

ఇల్లు శుభ్రం చేశాను. కుర్చీలు ఎక్కడ పడితే అక్కడ వదలొచ్చు ఇప్పుడు, ఎవరి కాలికీ తగలవు. అయినా బల్ల కిందికే నెట్టాను.

డిసెంబర్ 24

క్రిస్మస్ ముందురాత్రి ఏడు రకాలు వండాలి కదా అని ఏడూ వండాను. చిక్కుడుగింజల పులుసు, నింపిన మిరపకాయలు, ఎండుపళ్ళ పాయసం, అన్నీ. కమెన్ ఫోన్ చేశాడు. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నాం. వాతావరణం గురించి.

పండగ అయ్యాక వస్తావా అన్నాను. చూస్తానన్నాడు. ఆ మాట అతని నోట్లో ఎలా ఉందో అతనికి తోచిందేమో, చిన్నగా నవ్వాడు. నేను నవ్వలేకపోయాను.

జనవరి 9

రాలేదు.

జనవరి 15, బుధవారం

పొద్దున బిసెరా ఒక ఉత్తరం పంపింది. స్వెత్లా లీనియా వాళ్ళు అడుగుతున్నారట, నలభై మంది పరీక్ష రాస్తే ఆరుగురు ఒకే ప్రశ్న దగ్గర ఆగిపోయారు, మూడు అవకాశాలూ అయిపోయాయి, ఏంటో చూడమని. పద్నాలుగో ప్రశ్న. చదవగానే తెలిసింది. అది పూర్తి చెయ్యకపోతే "తర్వాత" బొత్తాం తెరుచుకోదు, మధ్యలో మూసేసినా, టైమైపోయినా ఫెయిల్. ఆ తాళం పెట్టింది కూడా నేనే, ఎవరూ ప్రశ్నలు దాటేసి పోకుండా.

లాగ్ తెరిచాను. ఎవరు ఏ ప్రశ్న మీద ఎంతసేపు ఉన్నారో అన్నీ ఉంటాయి అందులో. ఆరుగురిలో నాలుగో వరుస: రూసే నగరం, అంటే మా ఊరే. మొదటి ప్రయత్నం నవంబర్ 14, పద్నాలుగో ప్రశ్న మీద యాభై రెండు నిమిషాలు. రెండోది నవంబర్ 21, గంటా పదిహేను. మూడోది నవంబర్ 27, రెండు గంటలా నాలుగు నిమిషాలు. దానికి ముందున్న పదమూడూ మూడుసార్లూ ఒప్పే. ఒక్క తప్పు లేదు.

ఫెయిలైనవాళ్ళకి చివర ఒక పెట్టె వస్తుంది, ఏమైనా చెప్పదలిస్తే రాయమని. ఆరుగురిలో ఒక్కరే రాశారు. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను. రెండుచోట్ల అక్షరాలు తారుమారయ్యాయి, అవి మాత్రం సరిచేశాను.

"నా పేరు కమెన్ దిమోవ్. పద్నాలుగో ప్రశ్న దాటలేకపోయాను. అంశం, అంశం, అంశం అని ఎనిమిదిసార్లు వినిపిస్తుంది. దాంతో ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. ప్రశ్నలో తప్పుందని నేననడం లేదు. నా భార్య ఇలాంటి పాఠాలే తయారు చేస్తుంది. పంపేముందు కళ్ళు మూసుకుని కూడా పరీక్షిస్తారని నాకు తెలుసు. కాబట్టి లోపం నాలోనే ఉండాలి. నా చోటు ఇంకెవరికైనా ఇవ్వండి. శ్రమపడి తయారు చేసినవాళ్ళకి ధన్యవాదాలు."

జనవరి 16

ఆఫీసుకి వెళ్ళలేదు.

రెండు గంటలా నాలుగు నిమిషాలు.

జనవరి 17

ఫోన్ చేతిలోకి తీసుకుని పెట్టేశాను. ఇలాంటిది ఫోన్‌లో చెప్పేది కాదు. ముందు కోర్సు సరిచేస్తాను. సరిచేశాక చెబితే, కనీసం చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.

జనవరి 18, శనివారం

సరిచేశాను. ఆ లాగే ముక్కలన్నీ తీసేసి, ఒక్కో ఫిర్యాదుకీ ఎదురుగా మామూలు జాబితా పెట్టాను, బాణం కీతో ఎంచుకునేది. ప్రతిదానికీ దాని పేరు. కళ్ళకి కండువా కట్టుకుని, హెడ్‌ఫోన్లు పెట్టుకుని చేశాను. "పైపు పగిలింది. విభాగం ఎంచుకోండి," అంది. మూడు నిమిషాల్లో అయిపోయింది.

సరిచెయ్యడానికి ఎంతసేపు పట్టిందో చూశాను. ఐదున్నర గంటలు. రెండు రోజులు కాదు.

తర్వాత పాతది తెరిచి అదే కండువాతో కూర్చున్నాను. పదకొండు నిమిషాలు ఉండగలిగాను.

జనవరి 20, సోమవారం

బిసెరాతో మాట్లాడాను.

"కొత్త వెర్షన్ పంపేద్దాం. చిన్న సాంకేతిక సవరణ అని రాద్దాం. అయిపోతుంది," అంది.

"అక్టోబర్‌లోనే మనకి తెలుసని రాయాలి. లేకపోతే ఆ ఆరుగురికీ మళ్ళీ అవకాశం ఇవ్వరు. మూడుసార్లే అని వాళ్ళ నియమం."

"తెలుసని రాస్తే మన పని అయిపోతుంది రలీ. ఈ ఆఫీసులో ఇంకో నలుగురున్నారు. నేను పెట్టించిన సంతకమని రాస్తావా?"

"నా సంతకమనే రాస్తాను. చెయ్యి నాదే కదా."

నా వైపు తిరిగింది. "ఆ ఆరుగురిలో నీకు తెలిసినవాళ్ళున్నారా?" అంది.

ఉన్నారన్నాను. ఎవరని అడగలేదు. మొహంలో కనిపించే ఉంటుంది.

ఉత్తరం పంపాను.

జనవరి 22

ఒప్పుకున్నారు. ఆరుగురికీ ఫిబ్రవరిలో మళ్ళీ పరీక్ష. బిసెరా నన్ను కోర్సులు తయారుచేసే పని నుంచి తప్పించింది. వీడియోలకి కింద అక్షరాలు వేసే పని ఇచ్చింది. కోపంతో కాదు, క్లయింటు అడిగాడట. సరే.

కమెన్‌కి వాళ్ళ దగ్గర్నుంచి ఉత్తరం వెళ్తుంది. అందులో "తయారీదారుల లోపం" అని మాత్రమే ఉంటుంది, పేరు ఉండదు. బిసెరా రెండుసార్లు చెప్పింది, పేరు ఉండదని.

జనవరి 23

పేరు ఉండదు. అతని దిగులు తీరుతుంది, తన తప్పు కాదని తెలుస్తుంది. ఉద్యోగం వస్తుంది. ఇంటికొస్తాడు. మిగతాది ఎందుకు చెప్పడం? చెబితే బాగుపడేది నా మనసొక్కటే, అతనికేం ఒరుగుతుంది?

జనవరి 24

పైన రాసింది చదువుకున్నాను. రేపు సిలిస్త్రా వెళ్తున్నాను.

జనవరి 26, ఆదివారం

నిన్న పదింటి బస్సు. పన్నెండుంపావుకి దిగాను. వదిన తలుపు తీసి, లోపలికి రా అనడానికి ఒక్క క్షణం ఎక్కువ తీసుకుంది. లిండెన్ టీ పెట్టి, కోటు వేసుకుని, "నేను చర్చికి వెళ్ళొస్తా," అంది. శనివారం మధ్యాహ్నం చర్చిలో ఏముంటుంది?

కమెన్ కిటికీ దగ్గర కూర్చున్నాడు. చిక్కాడు. గెడ్డం పెంచాడు, నున్నగా దువ్వి ఉంది.

"నీకో సంగతి చెప్పాలి రలీ," అన్నాడు నేను కూర్చోకముందే. మొహం వెలిగిపోతోంది. "నిన్న ఉత్తరమొచ్చింది. అక్క చదివింది. నేనొక పరీక్ష రాశాను, నీకు చెప్పలేదు. పాసయ్యాక చెబుదామనుకున్నా. ఫెయిలయ్యాను. కానీ నా తప్పు కాదట! ప్రశ్నే తప్పుగా చేశారట. తోషో బాబాయికి ఫోన్ చేస్తే తిట్టిపోశాడు. మొద్దూ, అంశం అంశం అని వినిపించినప్పుడే నన్ను అడిగుంటే అరనిమిషంలో చెప్పేవాణ్ణి, అది చేసినవాడి బద్ధకంరా, నీ బుర్ర తప్పు కాదురా అన్నాడు."

నవ్వుతున్నాడు. ఆ నవ్వు మీద చెప్పాల్సొచ్చింది.

"ఆ కోర్సు చేసింది నేనే."

అర్థం కాలేదు అతనికి. మళ్ళీ చెప్పాను.

"మీ కంపెనీయా?"

"నేను. ఆ ప్రశ్న నేను చేశాను. అంశం అని టైపు చేసింది నేను."

నన్ను ఓదారుస్తున్నట్టు, "పోనీలే. తెలియక చేశావు. అందరం చేస్తాం తప్పులు. రేవులో నేను మాత్రం..." అన్నాడు.

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు నేను. తలుపు తెరిచి పెట్టాడు నా కోసం. ఆ తలుపులోంచి దూరిపోతే నిన్ననే ఇద్దరం కలిసి బస్సెక్కేవాళ్ళం.

"తెలిసే చేశాను," అన్నాను. "పంపేముందు నేనే చేసి చూశాను, పని చెయ్యలేదు. అయినా బాగుందని సంతకం పెట్టాను."

"ఎప్పుడు?"

"అక్టోబర్ పదిహేడున."

"అంటే నేను కళ్ళు మూసుకుని కూడానా అని అడిగినప్పుడు..."

"అప్పటికి మూడు వారాలైంది."

టీ కప్పు కోసం చెయ్యి చాచాడు. దొరకలేదు. నేను దగ్గరికి జరపబోయాను, ఆగాను. తనే వెతుక్కున్నాడు.

"ఇరవై రెండేళ్ళు," అన్నాడు, "రోజూ పొద్దున క్రేన్ తాడు చూసి సంతకం పెట్టేవాణ్ణి. కింద ఎవడు నిలబడతాడో తెలియదు. తెలియాల్సిన అవసరమూ లేదు." కప్పు బల్ల మీద పెట్టాడు. "ప్రయత్నమైనా చెయ్యవు అన్నావు, అక్క ముందు."

"నాకు తెలియదు కమెన్, నువ్వు రాస్తున్నావని."

"తెలియదు. అడగనూ లేదు."

"నేను ఏడుస్తున్నాను," అన్నాను, అతను చూడలేడు కదా అని. ఎంత సిగ్గుమాలిన మాట.

"వినిపిస్తోంది," అన్నాడు.

ఆ పరీక్ష రాసింది తనేనని ఎప్పుడు కనిపెట్టావని అడిగాడు. పదిహేనో తారీఖున అని చెప్పాను. వేళ్ళ మీద లెక్కపెట్టాడు. పది రోజులు. వదిన వచ్చింది, సంచీలో రొట్టె ఉంది, చర్చి ధూపం వాసన లేదు. మూడున్నర బస్సుకి వచ్చేశాను.

ఫిబ్రవరి 12

తోషో బాబాయి ఫోన్. కమెన్ పాసయ్యాడు. ఇరవై ఎనిమిదికి ఇరవై ఏడు.

"తప్పిన ఆ ఒక్కటి ఏదో తెలుసా? మర్యాదల ప్రశ్న! తిట్టే మనిషికి ఏమని జవాబు చెప్పాలి అని. రేవులో పనిచేసినవాణ్ణి ఆ ప్రశ్న అడగొచ్చా?" అని పెద్దగా నవ్వాడు. నేనూ నవ్వాను.

"అమ్మాయ్, నేను నీ పక్షం కాదు," అన్నాడాయన. "ఆ పరీక్ష దగ్గర ఆగిపోయినవాళ్ళలో నా శిష్యులు ఇంకో ఇద్దరున్నారు. కానీ నువ్వు నోరు విప్పావు కాబట్టి వాళ్ళకి దారి దొరికింది. అది కూడా చెప్పాలి, చెప్పాను."

థాంక్స్ బాబాయ్ అన్నాను. ఎందుకో తెలియదు.

ఫిబ్రవరి 20

ఉద్యోగం ఇంటి నుంచే చెయ్యొచ్చట. సిలిస్త్రాలోనే ఉండి చేస్తాడట. వదిన చెప్పింది. తను చెప్పలేదు.

మార్చి 1

వీధి వీధంతా మార్తెనిత్సాలు. వసంతం రాకకి కట్టుకునే ఎరుపు తెలుపు దారాలు ప్రతి చేతికీ. నేనూ రెండు కొన్నాను. ఒకటి ఆఫీసులో తుడిచే ఆమెకి కట్టాను. రెండోది సంచీలో ఉంది.

మార్చి 17

కొత్త వీడియోకి అక్షరాలు వేస్తున్నాను. మాట్లాడేది చెవిటివాళ్ళకి చేరాలి. ఒక చోట వక్త పేపర్లు తిరగేస్తూ గొణుగుతాడు, ఏమన్నాడో వినబడదు. ఇదివరకైతే వదిలేసేదాన్ని. పందొమ్మిదిసార్లు విన్నాను. "ఎక్కడ పెట్టానబ్బా" అంటున్నాడు. అదే రాశాను.

కమెన్‌కి చెప్పాలనిపించింది.

ఏప్రిల్ 5, శనివారం

బట్టలకోసం వచ్చాడు. ఒక్కడే వచ్చాడు బస్సులో, కర్రతో. పెట్టెలు రెండూ నేను సర్ది ఉంచాను. తెరిచి, ఒక్కో చొక్కా కాలరు పట్టుకుని చూసుకున్నాడు. చిక్కుడు పులుసు పెట్టాను, తిన్నాడు. బాగుందన్నాడు. ఇంకొంచెం వేసుకున్నాడు కూడా. ఆ రెండో గరిటెకి నా గుండె ఎంత ఎగిరిందో.

పని గురించి చెప్పాడు. రోజుకి యాభై అరవై ఫోన్లు. ఒక ముసలావిడ రోజూ చేస్తుందట, పైపులో నీళ్ళు వస్తూనే ఉంటాయి, అయినా చేస్తుందట. చెబుతుంటే పాత కమెన్. ధైర్యం చేశాను.

"వచ్చెయ్ కమెన్. ఆ ఉద్యోగం ఇక్కణ్ణుంచైనా చెయ్యొచ్చు కదా. ఇంకా కోపమా?"

"కోపం ఎప్పుడో పోయింది."

"మరి?"

చెంచాతో పళ్ళెం అడుగున గీశాడు. "నాకు కళ్ళు పోతున్నాయని డాక్టరు చెప్పినప్పుడు భయపడ్డాను కానీ, మరీ అంత భయపడలేదు రలీ. ఇంట్లో నువ్వున్నావు కదా అనుకున్నాను. నాకు కనిపించనిది నువ్వు చెబుతావు, నువ్వు చెప్పింది అక్కడ ఉంటుంది అనుకున్నాను." చెంచా పక్కన పెట్టాడు. "అది పోయింది. తెచ్చుకుందామని చాలా చూశాను. నిజంగా ప్రయత్నించాను."

ఆఖరి మాట నన్ను పొడవడానికి అనలేదు. అతనికి అలా అనడం రాదు. మామూలుగానే అన్నాడు.

గిన్నెలు కడిగాను. అతను తుడిచాడు.

బస్‌స్టేషన్ దాకా వస్తానన్నాను, వద్దనలేదు. పెట్టెలు నేను పట్టుకున్నాను. లిఫ్టు దిగి గుమ్మం దాటాక, వీధిలోకి దిగే మూడు మెట్లు మా భవనానికి. పదిహేడేళ్ళు దిగాడు వాటిని. కానీ మార్చిలో మున్సిపాలిటీవాళ్ళు పేవ్‌మెంటు తవ్వి, కింద ఇంకో మెట్టు కట్టారు. వచ్చేటప్పుడు వెనక గుమ్మంలోంచి వచ్చాడు, అతనికి తెలియదు.

"ఇప్పుడు నాలుగు మెట్లు," అన్నాను.

అలాగే అన్నట్టు తలూపాడు. మూడు దిగాడు. మూడో మెట్టు మీద ఆగి, కర్ర ముందుకు చాచి, నాలుగోది ఉందో లేదో ఆ చివర నుంచి ఈ చివరదాకా తడిమి చూసుకున్నాడు. తర్వాత కాలు పెట్టాడు.

"ఉంది," అన్నాడు.